నీళ్ళలో పుట్టిన ఆకు

మా వయొలిన్ గురువు సీతారావమ్మగారికి ఒక అలవాటుంది. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. పని అయ్యేసరికి చాలామంది ప్రశ్న సంగతే మరిచిపోతారు. గంగరాజు అడిగిన ప్రశ్న ఏమైందో మాత్రం నేను కళ్ళారా చూశాను.

గంగరాజు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. పదిహేనేళ్ళు వాయించి, పేరు తెచ్చుకుని, ముప్పై నాలుగో ఏట వయొలిన్ మీద మనసుపడి రామచంద్రపురం వచ్చి అమ్మగారి దగ్గర చేరాడు. ఎనిమిది నెలలు తిరిగేసరికి మొహం వేలాడేశాడు.

"అమ్మగారూ, కొత్తది రాలేదు సరికదా, ఉన్నది కూడా పోతోందండి. మొన్న మా ఊళ్ళో హార్మోనియం పెట్టె ముందు కూర్చుంటే, రెండు మెట్ల మధ్య లేని స్వరం కోసం నా వేళ్ళు తడుముకున్నాయండి. నలుగురిలో పరువు పోయింది. నాటక సమాజం వాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారు. ఈ నెల మూడో గురువారం పొద్దున్న ఫోను చేస్తారట, కాదంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటారట. ఉండమంటారా, పొమ్మంటారా?"

అమ్మగారు విన్నారో లేదో తెలియలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. మోకాళ్ళ నొప్పులతో పెరట్లోకి దిగలేక, ఆవిడ తోటనే గదిలోకి తెప్పించుకుంటున్నారు. మూడడుగుల గాజు తొట్టి, దాని వెనకే కడియంలో నర్సరీ ఉన్న తమ్ముడు సూర్యనారాయణగారు, ఆయన చేతుల్లో తడిగుడ్డల్లో చుట్టిన మొక్కలు. ఇక ఆ రోజు పాఠమూ లేదు, పాటా లేదు. కడిగిన ఇసుక పరిచాం. ఇసుక చెదరకుండా పళ్ళెం బోర్లించి దాని మీదుగా నీళ్ళు పోశాం. సూర్యనారాయణగారు నాలుగు వేళ్ళతో ఇసుక తోసి ఒక్కొక్క మొక్కా గుచ్చుతుంటే, మేమందరం మోచేతుల దాకా తడిసి ఇది ఇక్కడ, అది అక్కడ అని పోట్లాడుకున్నాం. డెబ్భై ఏళ్ళావిడ కుర్చీలోంచే "దీపం వెయ్యండర్రా, ముందు దీపం వెయ్యండి" అని ఒకటే తొందర. తొట్టి మీది దీపం వేశాక గది గదంతా పచ్చబడింది. నాకైతే పండగలా అనిపించింది.

"చేపలెప్పుడండీ?" అన్నాను.

"మొక్కలు కుదురుకున్నాక" అని, ఆవిడ గంగరాజు వైపు తిరిగారు. "దీనికి కాపలా నువ్వు. రోజూ చూడు. నేను చెప్పేదాకా చెయ్యి మాత్రం పెట్టకు."

ఐదో రోజుకి ఆకులు గాజుముక్కల్లా పలచబడ్డాయి. ఎనిమిదో రోజుకి చిల్లులు. పదో రోజుకి కొన్ని గుజ్జయి ఇసుక మీద పడ్డాయి. గంగరాజు అమ్మగారు చెప్పినట్టే చెంబుతో కాసిని పాతనీళ్ళు తోడి, కాసిని కొత్తనీళ్ళు పోసేవాడు. "నేను కాపలా కాస్తే ఇంతే" అని నాతో గొణిగేవాడు. అయినా పొద్దున్నే వచ్చి గాజుకి ముక్కు ఆనించి నిలబడడం మానలేదు.

మూడో గురువారం నాడు సూర్యనారాయణగారు కొత్త మొక్కల బుట్టతో దిగారు. తొట్టి చూడగానే ఆయన మొహం మాడిపోయింది. నర్సరీ వాళ్ళకి ఒక నియమం. ఆకు పాడైన మొక్క కొనేవాడి కంట పడకముందే వరసలోంచి లేచిపోవాలి. "ఏంటక్కా ఇది, నా మొక్కలేనా? అన్నీ పీకి కొత్తవి పెట్టేస్తాను, ఎంతసేపు" అంటూ ఆయన చొక్కా చెయ్యి మడిచి నీళ్ళలోకి పోనిచ్చారు.

గంగరాజు ఒక్క అంగలో వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "ఆగండి బాబాయిగారూ. మొదలు దగ్గర చూడండి."

అందరం గాజు చుట్టూ మూగాం. కుళ్ళిన కాడల నడుమ రిబ్బనంత సన్నగా, లేతగా, ఒక ఆకు ఊగుతోంది. "నిన్న గోరంతే ఉందండి" అన్నాడు గంగరాజు. "ఆ పక్కదానికి కూడా వస్తోంది. ఆ మూలదానికీ." ఒక ఆకు కోసం పెద్దవాళ్ళం అంతమందిమి అలా ఒకళ్ళనొకళ్ళం తోసుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

సూర్యనారాయణగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "మా మడిలో దీని వేళ్ళే తడిలో ఉంటాయక్కా, ఆకులన్నీ గాలిలోనే. అవి వెడల్పుగా ఉంటాయి. ఇలాంటి ఆకు నా దగ్గర ఎప్పుడూ వెయ్యలేదు. ఇది నీళ్ళలో పుట్టింది" అని బుట్టకి మూత పెట్టేశారు.

"గంగరాజూ, ఇప్పుడు చెయ్యి పెట్టు" అన్నారు అమ్మగారు. "పాడైన ఆకులు తీసెయ్. మొదలు కదపకు."

అతను మోచేతి దాకా ముంచి, ఒక్కొక్క ఆకూ గిల్లి బయటపెడుతుండగా, నా పక్కన బల్ల మీదున్న అతని ఫోను మోగింది. నాటక సమాజం వాళ్ళు. గంగరాజు ఫోను వైపు చూశాడు. చెయ్యి సగం పైకి లేచింది. మళ్ళీ ఆ సన్నాకు కేసి చూసి, చేతిని లోపలికే పోనిచ్చాడు.

నేను ఫోను చేతిలోకి తీసుకుని, ఏం చెప్పమంటారన్నట్టు అమ్మగారి వైపు చూశాను.

"చెయ్యి నీళ్ళలో ఉందని చెప్పు" అన్నారావిడ.