మోల్డు మీద ఎర్ర గుర్తు

నస్రీన్‌కు ఆ రోజు అన్నం సయించలేదు.

బాలానగర్‌లో మోల్డులు తయారుచేసే ఒక టూల్‌రూమ్‌లో కొలతల గది ఆమెది. కొత్తగా వచ్చిన ఎక్స్‌రే స్కానరు కూడా ఆ గదిలోనే ఉంది. తయారైన భాగాన్ని అందులో నిలబెడితే అది మెల్లగా చుట్టూ తిరుగుతుంది. తిరిగినంతసేపూ యంత్రం నీడలు తీస్తుంది. వాటన్నిటినీ కలిపి కంప్యూటరు ఆ వస్తువును లోపలా బయటా మళ్లీ కట్టి చూపిస్తుంది. కోయక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు. ఏ గేజీ దూరని సందులోనైనా గోడ ఎంత మందమో తెలిసిపోతుంది.

ఆ పొద్దున ఆమె కొలిచింది ఒక చిన్న ప్లాస్టిక్ వాల్వు. అప్పుడే పుట్టిన పిల్లలకు ఊపిరి అందించే యంత్రంలో బిగించేది. బయటి కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. లోపల, గాలి మలుపు తిరిగేచోట మాత్రం ఒక పక్క గోడ పల్చగా ఉంది. గాలి ఒత్తిడికి ఎప్పుడో ఒకప్పుడు పగిలేటంత పల్చగా.

కరిగిన ప్లాస్టిక్ నింపి ఆ వాల్వులు తీసే ఉక్కు అచ్చు, ఆ మోల్డు, చేసింది లక్ష్మణాచారి.

ఆయన చేతినుంచి వెళ్లిన మోల్డు వెనక్కి వచ్చిందని ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. షాపులో చిన్నాపెద్దా అందరికీ ఆయన ఉస్తాద్. డిప్లొమా చదివి వచ్చిన నస్రీన్‌కు ఆకురాయి పట్టుకోవడం నేర్పింది ఆయనే. మైక్రోమీటరు బిగించేటప్పుడు ఎంత ఒత్తాలో ఆమె పక్కనే నిలబడి చూపించిందీ ఆయనే.

అందుకే ఆమె ముందు తనను తానే అనుమానించింది. కొలత తెలిసిన కెంపు గోళీలను స్కానరులో పెట్టి యంత్రాన్ని సరిచూసుకుంది. వాల్వును పక్కకు వాల్చి మళ్లీ స్కాన్ తీసింది. అదే పెట్టెలోంచి ఇంకో వాల్వు తీసి చూసింది. గోడ పల్చగానే ఉంది.

ఓనరు గోవర్ధన్ గుమ్మంలోంచే అడిగాడు.

"అయిపోయిందా అమ్మా? రేపు వెంటిలేటర్ కంపెనీవాళ్లు వస్తున్నరు. ఓకే చెప్పేద్దాం."

"లోపలి గోడ పల్చగ ఉన్నది సార్."

ఆయన నవ్వాడు. "అది ఆచారిగారి మోల్డు. నీ మిషన్నే ఇంకోసారి చూస్కో."

భోజనాల వేళకు ఆమె ఉస్తాద్‌ను వెతుక్కుంటూ వెళ్లింది. లక్ష్మణాచారి తన బల్ల దగ్గర టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చున్నాడు.

"ఉస్తాద్, ఒక మాట అడగాలె."

"కూసో బిడ్డా. తిన్నవా?"

ఆమె కూర్చోలేదు. "మీరు చేసిన పనిల తప్పు కనబడితే, రేపు నలుగురి ముందట నేనేం చెప్పాలె?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"ఏ పని?"

"వాల్వు మోల్డు. మలుపు దగ్గర, లోపలి గోడ."

"గోళీలతోని సరిచూసినవా?"

"చూసిన."

"వాల్చి తీసినవా?"

"తీసిన. వేరే వాల్వు గూడ తీసిన."

ఆయన కళ్లు మూసుకున్నాడు. తాను చెక్కిన ఉక్కును మనసులోనే ఒక్కొక్క ముక్కా విప్పి చూసుకుంటున్నట్టు అనిపించింది ఆమెకు.

"గాలి దారికోసం మోల్డుల పెట్టిన నడిమి పిన్ను వాలుతున్నట్టుంది," అన్నాడు చివరికి. "కరిగిన ప్లాస్టిక్ జోరుగ వచ్చి కొట్టినప్పుడు వాలి, ఒక పక్క గోడ పల్చబడుతది. సన్నగ చేసినగదా."

ఆయన నింపాదిగా అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని, అలమరలోంచి ఎర్ర రంగు డబ్బా తీశాడు.

"పద."

మోల్డు ర్యాకు మీద ఉంది. ఆయన బ్రష్షును రంగులో ముంచి నస్రీన్ చేతికిచ్చాడు. ఆ షాపులో ఎర్ర గుర్తు పడిన వస్తువు సరిచేసి మళ్లీ కొలిచేదాకా గడప దాటదు. లక్ష్మణాచారి పని మీద ఆ గుర్తు ఎవరూ చూడలేదు. తినడం ముగించి వస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

"నాతోని కాదు ఉస్తాద్. మీరే పెట్టండి."

"ఎందుకు? మిషన్ మీద నమ్మకం లేదా?"

"ఉన్నది."

"నీ కొలత మీద?"

"అదీ ఉన్నది."

"అయితే నమ్మకం లేంది నా మీదనేనా?"

నస్రీన్ తలెత్తి చూసింది. పొద్దుటినుంచి తాను భయపడుతూ ఊహించుకున్న ముఖం అది కాదు.

ఆమె బ్రష్షు ఆనించి, అడ్డంగా ఒక్క గీత గీసింది. ఉక్కు మీద రంగు తడిగా మెరిసింది.

"ఇంకా పెద్దగ గియ్యి," అన్నాడాయన. "దూరంకెల్లి గూడ కనబడాలె."

మర్నాడు వెంటిలేటర్ కంపెనీవాళ్లు వచ్చారు. నస్రీన్ కంప్యూటరు తెర మీద వాల్వు బొమ్మను అడ్డంగా కోసి లోపలి గోడ చూపించింది. "ఇక్కడ గోడ పల్చగ ఉన్నది. మోల్డు సరిచేసేదాకా మేము ఇవ్వం," అంది. గోవర్ధన్ నేల చూపులు చూస్తున్నాడు.

వచ్చినవాళ్లలో పెద్దావిడ తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది.

"ఏ ఆస్పత్రిలోనో పగిలేదాకా మాకిది తెలిసేది కాదమ్మా," అంది. "కావలసినంత టైము తీసుకోండి. ఈ పని మీ దగ్గరే ఉంటుంది." తరవాత షాపు చూస్తామని లేచారు.

గోవర్ధన్ వాళ్లకంటే ముందు ర్యాకు దగ్గరికి పరుగుతీశాడు. ఇద్దరు మనుషుల్ని పిలిచి, ఎర్ర గుర్తున్న వైపు గోడకు తిప్పమన్నాడు. వాళ్లు మోల్డు మీద చేతులు వేశారో లేదో, లక్ష్మణాచారి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"ఉండనియ్యి సార్."

"అది కాదు ఆచారిగారూ, వాళ్లు చూస్తే మీ పేరు..."

కంపెనీవాళ్లు గుమ్మం దాటి లోపలికి వస్తున్నారు. వాళ్ల వెనక నస్రీన్ వస్తోంది. లక్ష్మణాచారి ఆమె వైపు చెయ్యి చూపించాడు.

"చూడనియ్యి. మోల్డు నేను చేసిందే. గుర్తు పెట్టిన పిల్లను తయారు చేసింది గూడ నేనే."