పడమటి బండ మాట మానేసిన రోజు

ఒకప్పుడు రాళ్ళు మాట్లాడేవి. మాట్లాడటమంటే అలా ఇలా కాదర్రా, వసపిట్టల్లా వాగేవి. ఎంత ఎండ కాసినా వాటి ఒంట్లో వేడి మాత్రం నిలిచేది కాదు. పొద్దు కుంకిందో లేదో జిల్లుమనేవి.

చెట్టూ చేమా లేని ఒక కొండమీద ఆ రోజుల్లో మనుషులు రాతి ఇళ్ళు కట్టుకున్నారు. నాలుగు బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పితే ఇల్లు.

అలాంటి ఇంట్లో కొండి అనే ఆమె బిడ్డను కన్నది. పుష్యమాసపు చలి. లోపల మంట వేస్తే పొగకు బిడ్డ ఉక్కిరిబిక్కిరి. బయట వేస్తే గాలి ఊరుకోదు, ఉఫ్ మని ఆర్పేస్తుంది. బిడ్డ పాదాలు నీలంగా మారాయి.

"కాపడం పెట్టడానికైనా పనికిరాదు ఈ బండ! రాతిగుండె!" అని కొండి ఏడ్చింది.

పడమటి గోడబండకు రోషం వచ్చింది. "నాకా గుండె లేనిది? ఉండవే కొండీ, నీ బిడ్డను నేను బతికిస్తా!"

కొండ దిగిపోతున్న పొద్దును కేకేసింది. "పొద్దు తాతా! కాసిని నిప్పులు పెట్టి పో!"

"దీపాలవేళ నిప్పు ఇవ్వకూడదే పిల్లా. రేపు ఎండవేళ అడుగు."

మర్నాడు తాత కడవలకొద్దీ వేడి పోశాడు. బండ ఆగుతుందా? "చూశారా, తాత నాకు ఎంతిచ్చాడో!" అని కొండంతా చాటింది. సాయంత్రానికి ఒళ్ళు చల్లబడిపోయింది.

"ఏమమ్మా కోతలరాణీ, వేడేదీ?" అని గాలి పకపకా నవ్వింది.

బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేదు.

"పిచ్చిదానా, మూతలేని కుండలో వేడి నిలుస్తుందా? నీ వేడంతా నోట్లోంచే పోతోంది," అన్నాడు తాత.

"అయితే మూసుకుంటా."

"ఒక్కరోజుకు కాదే. ఈ కొండమీద చలి వస్తూనే ఉంటుంది, బిడ్డలు పుడుతూనే ఉంటారు."

బండ కాసేపు ఆలోచించింది. దానికి మాటలంటే ప్రాణం మరి. చివరికి, "కొండీ, రేపు బిడ్డను నా పక్కన పడుకోబెట్టు," అంది. అంతే. మూసిన నోరు మళ్ళీ తెరవలేదు.

మర్నాడు ఎండంతా మింగి కూర్చుంది. పొద్దు కుంకింది. "రాతిగుండె! రాతిగుండె!" అని గాలి ఇంటిచుట్టూ తిరిగి వెక్కిరించింది. బండ ఉలకలేదు.

కొండి చెయ్యి ఆనించి చూసింది. వెచ్చగా, అమ్మ ఒడిలా ఉంది! బిడ్డను ఆనించి పడుకోబెట్టింది. నీలం పాదాలు మెల్లగా ఎర్రబడ్డాయి. ఆ తర్వాత చూడాలి, పాలకోసం వాడు పెట్టిన గోల! కొండ మారుమోగింది.

అది విని తక్కిన రాళ్ళు కూడా ఒక్కొక్కటే నోరు మూసుకున్నాయి.

అప్పటినుంచే రాళ్ళు ఉలకవు, పలకవు. పొద్దు కుంకాక ఏ బండమీదైనా అరచెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. ఇప్పుడు వాటి మాట అదే.