ఓడలో పట్టని బజారు

"సామాను దించడానికి వీల్లేదు. మనుషుల్ని దింపండి!"

పగడాల దీవి రేవులో నిలబడి, నిండు సభలో ఉన్నంత దర్జాగా తాటిదుర్గం రాజు పోతభూపాలుడు ఇచ్చిన ఆజ్ఞ ఇది. ఓడ నడిపే సరంగు కొండయ్య తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. ఓడ అప్పటికే అంచు దాకా మునిగి ఉంది. బరువు తగ్గించకపోతే నడిసముద్రం చేరకుండానే అడుక్కి పోతామని అతను మొత్తుకుంటే, రాజుకు తోచిన ఉపాయం అది.

అసలు రాజు ఆ దీవికి వచ్చింది స్నేహ ఒడంబడిక కోసం. అది మొదటి పూటే అయిపోయింది. మధ్యాహ్నం కాస్త గాలి పీల్చుకుందామని బజారుకు వెళ్లాడు. అక్కడే వచ్చింది ముప్పు.

సొంత ఊళ్లో మనిషికి ఉన్న చెంబు చాలు. పరాయి ఊరి బజారులో కాలు పెట్టాడా, మూతి వంకర చెంబు ఒకటి కనబడి, ఇది లేకుండా ఇన్నాళ్లూ ఎలా బతికానా అని దిగులు పుడుతుంది. యాత్రలు చేసి వచ్చినవాళ్ల ఇళ్లలో అటకలు చూస్తే తెలుస్తుంది. ఆ శంఖాలెవరూ ఊదరు, ఆ బుట్టల్లో ఎవరూ ఏమీ వేసుకోరు. సరే, అటకల సంగతి ఎత్తితే తెమలదు. రాజుగారి అటకలు ఇంకా పెద్దవి, అంతే తేడా.

దీవి భాష వచ్చిన దుబాసీ వరాహప్ప పక్కనే ఉన్నాడు. ప్రతి దుకాణం ముందూ అతనిది ఒకే పాట.

"మహాప్రభూ, ఇలాంటిది లోకంలో ఇదొక్కటే! రెండోది పుట్టలేదు!"

అమ్మినవాడు చాటుగా వరాహప్ప చేతిలో ఏదో ఒకటి పెట్టేవాడు. రాజు ముందుకు, పెట్టెలు రేవుకు. అద్దాల ఊయల కొన్నాడు. ముత్యాల పాదుకలు కొన్నాడు. ఏనుగుకు దంతపు దువ్వెన కొన్నాడు. తాటిదుర్గంలో ఏనుగు లేదు. దువ్వెన ఉంటే ఏనుగు అదే వస్తుందనుకున్నాడేమో!

ఇప్పుడు ఓడ దిగాల్సింది వంటవాళ్లు, పల్లకీ బోయీలు, ఆస్థానంలో హాస్యం చెప్పే ఏచన.

"ముందు ఏచనను దింపండి ప్రభూ," అన్నాడు వరాహప్ప. "నవ్వించడం తప్ప చేసేదేముంది? ఓడలో నవ్వితే కడుపులో తిప్పుతుంది కూడాను."

ఏచన ఓడ తెరచాప వైపు చూశాడు. ఆ సముద్రంలో ఇంటివైపు గాలి వీచేది ఏడాదికోసారే. ఈ ఓడ తప్పితే మళ్లీ ఏడాది దాకా ఆ దీవిలో భాష రాని మూగవాడిలా పడి ఉండాలి. ఆవకాయ పెట్టేవేళకు వచ్చేస్తానని భార్యకు ఒట్టేసి మరీ వచ్చాడు. ఆవిడ ఒట్లు మరిచిపోయే మనిషి కాదు.

అయినా బుద్ధిగా మూట చంకన పెట్టుకుని ఓడ దిగాడు.

"ఆజ్ఞ ప్రభూ. పోయేముందు చిన్న సేవ చేసుకోనివ్వండి. మన రేవులో పెట్టెలు విప్పేటప్పుడు తికమక పడకుండా దారాలు కడతాను. పెద్దరాణిగారివాటికి ఎరుపు, చిన్నరాణిగారివాటికి పచ్చ."

"భేష్! కట్టు," అన్నాడు రాజు.

తాటిదుర్గంలో ఒక ఆచారం ఉంది. రాజు దేశాంతరం నుంచి వస్తే రాణులిద్దరూ హారతి పళ్లేలతో రేవుకు వస్తారు. తెచ్చిన పెట్టెలన్నీ అక్కడే, వాళ్ల కళ్లముందే విప్పాలి. ఈ ఆచారం ఏ ముత్తాత పెట్టాడో తెలీదు గాని, ఆయనకు భార్య ఒక్కతే అయి ఉంటుంది.

"అద్దాల ఊయల ఎవరికి ప్రభూ?"

"పెద్దరాణికి."

"ఎర్ర దారం." ఏచన ముడి వేసి తలెత్తాడు. "చిన్నరాణిగారి ఊయల ఏ పెట్టెలో ఉంది?"

రాజు గభాలున దుబాసీ వైపు తిరిగాడు.

"వరాహప్పా, ఇంకో ఊయల..."

"ఎక్కడిది ప్రభూ!" వరాహప్ప ఛాతీ విరిచాడు. "చేసినవాడు మళ్లీ చేయనని ఒట్టు పెట్టుకున్నాడు."

"ముత్యాల పాదుకలు?" అడిగాడు ఏచన.

"అవి... చిన్నరాణికి."

"పచ్చ దారం. పెద్దరాణిగారి జత?"

"వాటికీ రెండో జత లేదు!" వరాహప్ప ఇంకా గర్వంగానే ఉన్నాడు.

రాజు ఎర్ర దారాన్నీ, పచ్చ దారాన్నీ మార్చి మార్చి చూశాడు.

ఏచన మెల్లగా అన్నాడు. "పోయినసారి తమరు ఒక్క రోకలి తెచ్చారు. ఉత్త రోకలి. దాని కోసం అంతఃపురంలో జరిగింది నేను చెప్పను. తమరు గుర్రపుశాలలో ఎన్నాళ్లు పడుకున్నారో గుర్రాలే చెప్పాలి."

"అన్నీ దింపండి!" రాజు గావుకేక పెట్టాడు. "దుకాణాలకు తిప్పి పంపండి!"

సరుకు తిరిగి వెళితే పుచ్చుకున్నదంతా కక్కాల్సిందే. వరాహప్ప పెట్టెలకు అడ్డం పడ్డాడు.

"ఆగండి ప్రభూ! ఉన్నాయి! దుకాణాల వెనక కొట్లలో ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి! ఊయలలైతే ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టారు!"



ఏచన దారపు ఉండలు రెండూ రాజు ముందు పెట్టి చేతులు జోడించాడు.

"ప్రభూ, దుబాసీగారు ఇందాక చెప్పింది నిజమైతే, ఈ సామానుతో తమరు ఇంటికి వెళ్లలేరు. ఇప్పుడు చెప్పింది నిజమైతే, దుబాసీగారే ఇంటికి రాలేరు!"

ముందు సరంగు నవ్వాడు. తరవాత బోయీలు. ఆపుకుందామని మీసం కొరికిన రాజు చివరికి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వరాహప్పా, ఆ ఊయల నువ్వే మొయ్యి. వెనక్కి తీసుకోమని ఒప్పించేదీ నువ్వే. తీయని నాలుక కదా! పని కాకపోతే వచ్చే ఏటి ఓడ ఉండనే ఉంది."

పెట్టెలు దిగిన కొద్దీ ఓడ ఊపిరి పీల్చుకుంటున్నట్టు పైకి లేచింది. వంటవాళ్లు, బోయీలు ఈలలు వేస్తూ ఎక్కారు. రాజు తన మెడలోని పగడాల హారం తీసి ఏచన మెడలో వేశాడు. అంతలో ఏదో గుర్తొచ్చి గతుక్కుమన్నాడు.

"ఒరేయ్ ఏచనా, ఈ హారం కూడా ఒక్కటే ఉందిరా!"

"భయం లేదు ప్రభూ, మా ఇంట్లోనూ ఒక్కతే!"