ముళ్ళపంది లైనక్సు, నక్క తీగ

నల్లవాగు పక్క అడవిలో ఇంటర్నెట్ తీగ లాగింది నక్క ఒక్కటే. ఇంకో తీగ లేదు కనుక జంతువులన్నీ దాన్ని తిట్టుకుంటూనే దాని దగ్గరే కనెక్షన్ పెట్టించుకున్నాయి. మా కాలేజీ హాస్టల్ మెస్సూ ఇంతే. పప్పు నీళ్ళని తిట్టనివాడు లేడు, పళ్ళెం పట్టుకుని నిలబడనివాడూ లేడు. సరే, కథకి వద్దాం.

అన్నిటి కంప్యూటర్లలోనూ విండోసే. ముళ్ళపంది ఒక్కటే లైనక్సు వాడేది. లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చని దాని ముచ్చట. అందులో తప్పేం లేదు. కాకపోతే పొరుగు కుందేలు ఏదైనా ఇబ్బంది చెప్పుకుంటే, "విండోస్ వాడితే అంతే" అని ముళ్ళు విదిలించేది. కుందేలు చెప్పుకోవడం మానేసింది.

అది వానాకాలం. ఎగువనున్న కొంగ వాగు మట్టం చూసి రోజూ ఇంటర్నెట్‌లో కబురు పెట్టేది. అది చూసుకునే కుందేలు తన పిల్లల్ని ఒడ్డు బొరియలో ఉంచాలో, గట్టెక్కించాలో తేల్చుకునేది. ఆ పొద్దున ఇంటర్నెట్ పోయింది.

ముళ్ళపంది నక్క ఆఫీసుకు ఫోన్ చేసింది. చిలుక ఎత్తింది.

"విండోస్ స్టార్ట్ బటన్ నొక్కండి సార్."

"నాది లైనక్సు. తప్పు మీ తీగలో ఉంది."

"విండోస్ స్టార్ట్ బటన్ నొక్కండి సార్."

లైనక్సు వాళ్ళకి దీనికో ఆచారం ఉంది. ముళ్ళపంది దుంప కొరుక్కుంటూ, "నొక్కానమ్మా" అంది.

"రీస్టార్ట్ చేయండి సార్."

"చేశానమ్మా."

ఏదీ ముట్టుకోలేదు. అలా అబద్ధమాడితేనే ఎవరినైనా పంపుతారు మరి.

నక్కే వచ్చింది. తెర చూసి నవ్వింది. "అదీ సంగతి. ఇది లైనక్సు, అల్లుడూ. మా బాధ్యత కాదు. విండోస్ వేయించుకో."

ముళ్ళపందికి ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. ఇంతలో కుందేలు పరుగున వచ్చింది.

"బాబాయ్, కొంగ కబురు నీకేమైనా వచ్చిందా? నాకు రావట్లేదు."

"నీది విండోసే కదా?"

"నా కంప్యూటర్ పాతబడిందని నక్క మామ ఇందాక ఫోన్లో చెప్పాడు."

"మరి నాతో అనలేదేం?"

"ఏమంటావో తెలుసుగా బాబాయ్."

ముళ్ళపంది ముళ్ళు దించుకుని నక్క వైపు తిరిగింది.

"మామా, నీ భుజాన ల్యాప్‌టాప్ ఉంది. కొత్తది, పైగా విండోస్. ఈ తీగకి తగిలించి కొంగ కబురు చూపించు. వస్తే ఇవాళే లైనక్సు తీసేస్తాను."

కాదనడానికి నక్కకు సాకు దొరకలేదు. తగిలించింది. తెర ఖాళీ. తీసి మళ్ళీ తగిలించింది.

"దీనికేం జబ్బు మామా?" అంది కుందేలు. "లైనక్సా, ముసలితనమా?"

ఆడలేక మద్దెల ఓడన్నవాడికి సొంత మద్దెలే మోగకపోతే ఇంకేం మిగులుతుంది? నక్క తీగ వెంటే వాగులోకి దిగింది. తను టేకాకు చుట్టి వదిలేసిన తీగ అతుకు తడిసిపోయి ఉంది. బురదలో కూర్చుని దాన్ని బాగుచేసింది.

కబురు వచ్చింది. పైనుంచి నీళ్ళు దిగుతున్నాయి. కుందేలూ ముళ్ళపందీ కలిసి పిల్లల్ని గట్టుకు చేర్చాయి. వాగు బొరియను ముంచే వేళకు నక్క ఇంకా తోక పిండుకుంటూనే ఉంది.

పక్కవాడి గోడును ఎగతాళి చేసేవాడు, ఇద్దరినీ మోసగించేవాడికి సగం పని చేసిపెడతాడు.