దస్తగిరయ్య నలభై వాక్యాలు

ఇది అబద్ధమనే మొనగాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. కథ సగంలో ఎత్తితే చెల్లదు. ఎవరూ ఎత్తరా? అయితే వినండి.

రాయచోటి దస్తగిరయ్య అరబ్బీ పాఠం మొదలుపెడితే ఊరిబయట గుండ్రాళ్ళు కూడా సలాం చెప్పేవి. కువైటుకు ఇంటిపనికి పోయే ఆడవాళ్ళు, చేత్తో పలక పట్టనివాళ్ళు, వేలిముద్ర వేసి పాస్‌పోర్టు తెచ్చుకున్నవాళ్ళు ఆయన ముందు నలభై రోజులు కూర్చుంటే చాలు. రోజుకొకటి చొప్పున నలభై వాక్యాలు, నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేవాళ్ళు. ఆ నలభైనీ కలిపి ఆయన ఒక పుస్తకం చేశాడు. పట్టుమని ఇరవై పేజీలు లేవు. కానీ ఆ సీమ నుంచి విమానమెక్కిన ప్రతి రెండో ఆడమనిషి సంచిలో ఆ పుస్తకం ఉందంటే, అది తగ్గించి చెప్పిన మాటే.

ఇంత చేసినా ఒక్క నోటి నుంచి మాత్రం మెప్పు రాలేదు. ఆ నోరు హుసేన్ పీరాది. కువైటులో ఇరవై రెండేళ్ళు వంట చేసి తిరిగొచ్చిన ముసలాయన, దస్తగిరయ్యకు అరబ్బీ నేర్పిన ఉస్తాదు. పుస్తకం చేతికిచ్చి రెండేళ్ళయింది. బాగుందనలేదు, బాగా లేదనలేదు.

అట్లాంటి సమయంలో హైదరాబాదులో భాషలు నేర్పే పంతుళ్ళ అంతర్జాతీయ సదస్సు పడింది. దస్తగిరయ్యకు అందులో పావుగంట ఇచ్చారు. నచ్చితే ఆ పుస్తకాన్ని ఏడు భాషల్లో అచ్చువేయించి, నేపాలు నుంచి ఫిలిప్పీన్సు దాకా ఇంటిపనికి పోయే ప్రతి ఆడమనిషికీ పంచుతామని సదస్సు అధ్యక్షురాలు, కైరో నుంచి వచ్చిన నాదియా మేడం, ముందుగానే ఉత్తరం రాసింది.

దస్తగిరయ్య ఉస్తాదును వెంటబెట్టుకుని వచ్చాడు. పాఠం అప్పజెప్పి చూపడానికి గౌసియా అనే శిష్యురాలిని కూడా తెచ్చాడు. ఆమెకు నలభయ్యో రోజు అయిపోయింది. గురువారం విమానం.

హాలు మెట్లమీద ఆయన ఇక ఆగలేకపోయాడు.

“ఉస్తాదూ, ఈ పొద్దన్నా చెప్పండి. నా పుస్తకంలో ఏం తక్కువైంది?”

“ఆ మాటలన్నీ నీకు ఎవురిచ్చినారు అబ్బీ?”

“మనుషుల్ని పంపే ఏజెంట్లను అడిగి రాసుకున్నా. ఆ ఇండ్లల్లో ఏ మాట అవసరమో వాళ్ళకు కదా తెలిసేది!”

ఉస్తాదు తల ఊపాడు. “ఈడ టీ యాడ పోస్తారో కనుక్కో” అన్నాడు. అంతే.

లోపల నూటపది దేశాల పంతుళ్ళు. గోడమీది బోర్డు పంతొమ్మిది దేశాలని చెప్పింది. బోర్డులకేం తెలుసు? ఒక్కొక్కరి మెడలో పేరు బిళ్ళ, చేతిలో కలం. దస్తగిరయ్య వేదికెక్కి గొంతు సవరించుకుంటే వెనక వరసలో కునికేవాళ్ళు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు.

తెరమీద ఒక ఆడమనిషి ఫోటో పడింది.

“ఈమె ఓబులమ్మ. మా సంబేపల్లె మనిషి. నలభై రోజుల పాఠం పదకొండు రోజుల్లో అప్పజెప్పింది!”

హాలంతా చప్పట్లు. ఆ ఓబులమ్మ మూడు నెలల కిందట కువైటులోనే చనిపోయింది. కడుపునొప్పి అన్నారు. ఆ సంగతి దస్తగిరయ్య ఎత్తలేదు. జబ్బు ఎవరికి రాదు? పైగా ఫోటోలో చక్కగా నవ్వుతోంది.

“ఇప్పుడు మా గౌసియాను చూడండి. మీలో ఎవరైనా ఒకరు వచ్చి ఇంటి యజమానురాలిగా నిలబడండి.”

పంతుళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు వరసలోంచి ఉస్తాదు లేచాడు. చేతిలో స్టీలు గ్లాసు. బయట టీ కాచే చోట నిండా పోయించుకుని వచ్చాడు. అంచులదాకా పొగలు.

“ఆ పిల్లను కూర్చోనీ” అన్నాడు వేదికెక్కుతూ. “ఈ పొద్దు పంతులే పనిమనిషి. నేను మామాను.”

మామా అంటే ఆ ఇళ్ళలో యజమానురాలు. గడ్డం నెరిసిన మామాను చూసి హాలు నవ్వింది. దస్తగిరయ్య కూడా నవ్వాడు.

“ఒకటే షరతు” అన్నాడు ఉస్తాదు. “నీ పుస్తకంలో మాటలు తప్ప ఇంకో మాట రాకూడదు.”

“ఓ, అట్లనే!”

“చెయ్యి చాపు” అన్నాడు ఉస్తాదు అరబ్బీలో.

“హాజర్, మామా” అన్నాడు దస్తగిరయ్య. చిత్తం అమ్మగారూ అని అర్థం. అది ఆయన మొదటి పాఠం.

ఉస్తాదు గ్లాసును ఆయన అరచేతిలో పెట్టాడు. పెట్టి, తన రెండు చేతులతో గ్లాసునూ ఆ చేతినీ కలిపి అదిమి పట్టుకున్నాడు.

దస్తగిరయ్య నవ్వు అక్కడే ఆగింది. “వెంటనే చేస్తాను, మామా” అన్నాడు. మూడో పాఠం. ఉస్తాదు వదల్లేదు. “తప్పు నాదే, మామా” అన్నాడు. పన్నెండోది. హాల్లో చప్పట్లు. “అంతా బాగుంది, మామా” అన్నాడు. ఇరవయ్యోది. నుదుటిమీద చెమట పట్టింది. చప్పట్లు పలచబడ్డాయి.

ఆయన రాసిన నలభై వాక్యాలూ ఆయన బుర్రలో పరుగెత్తాయి. ఏ వాక్యం తలుపు తెరిచినా అవతల గోడే ఉంది.

“ఇంకేం పని ఉంది, మామా?” నలభయ్యోది. ఇప్పుడు హాల్లో ఎవరూ నవ్వడం లేదు.

“వద్దు ఉస్తాదూ! వద్దు, వదలండి!” తెలుగులో కేకేశాడు.

ఉస్తాదు వెంటనే వదిలేశాడు. గ్లాసు తీసి కిందపెట్టాడు.

“ఆ మాట ఎన్నో పేజీలో ఉంది అబ్బీ?”

దస్తగిరయ్య తన చేతిని చూసుకున్నాడు. అరచేయి ఎర్రగా ఉబ్బుతోంది. ఉస్తాదు వేళ్ళూ అట్లానే బొబ్బలెక్కుతున్నాయి.

“కువైటులో ఓబులమ్మ ఉన్న ఇంటి పక్కన వంట చేసే మనిషి నాతో చెప్పినాడు” అన్నాడు ఉస్తాదు నెమ్మదిగా. “తొమ్మిది దినాలు కడుపు పట్టుకోనే తిరిగిందంట ఓబులమ్మ. రోజూ పొద్దున మామా అడిగేదంట, పని చేస్తావా అని.”

తెరమీద ఓబులమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

“ఆమె ఏమని చెప్పింటాది?”

ఉస్తాదు ఎవరినీ ఉద్దేశించి అడగలేదు. కానీ ముందు వరసలో ఒక మంచి శిష్యురాలు ఉంది. ప్రశ్న వినబడితే లేచి నిలబడి జవాబు చెప్పాలని దస్తగిరయ్యే నేర్పాడు. గౌసియా లేచింది. ఎక్కడా తడబడకుండా, స్పష్టంగా చెప్పింది.

“హాజర్, మామా.”

వెయ్యిమంది చేతుల్లో కలాలు ఆగిపోయాయి. హాల్లో తిరిగే ఫ్యాన్లు కూడా ఆగినట్టే అయింది.

నాదియా మేడం గడియారం చూసుకుని వేదిక దగ్గరికి వచ్చింది. ఎంతైనా అధ్యక్షురాలు, తేల్చాల్సింది తేల్చాలి. అరబ్బీలోనే, మెల్లగా అడిగింది.

“దస్తగిర్ గారూ, మీ పుస్తకం ఇట్లాగే అచ్చుకు ఇవ్వమంటారా?”

ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఎదురుచూసిన మాట. దస్తగిరయ్య కాలిన చేతిని ఛాతీకి ఆనించుకున్నాడు. ముందు వరసలో గౌసియా ఇంకా నిలబడే ఉంది, కూర్చోమని పంతులు చెప్పలేదని.

“లా” అన్నాడు. వద్దు అని. వేదిక దాటి వినబడలేదు.

ఉస్తాదు మెట్లు దిగబోతూ ఆగాడు.

“గట్టిగా చెప్పు అబ్బీ. ఆ పిల్లకు వినపడాల.”

నమ్మకం కుదరనివాళ్ళు రాయచోటికి పొండి. షేక్ గౌసియా ఇల్లు ఏదని అడగండి. ఆ గురువారం విమానం ఎక్కని మనిషి ఆమే.