బొచ్చె లాక్కున్న తవుడు సంచి

కైకలూరు పక్కన ఓ చెరువు ఉంది. అందులో చేపలు కూరకి కాదు, గుడ్లకి. తొలకరికి గుడ్లిచ్చిన చేపకి ఇంకో ఏడాది చెరువు, ఇవ్వనిదానికి ఐసు పెట్టె. అంతే, మధ్యలో ఇంకోటి లేదు.

శీలావతి చేప పోయినేడు ఇవ్వలేదు. పుష్టిగా ఉంది కదాని కాపలా వీర్రాజు ఒక్కసారికి వదిలేశాడు. ఈసారి వదలడు. శివరాత్రి వెళ్ళగానే అది తాబేలు తాత దగ్గరకి పోయింది.

"పోయినేడు ఏం తిన్నావే?"

"తవుడే తాతా. చిల్లుల సంచి వేలాడదీస్తారుగా, దానికి మూతి పెట్టి పీల్చడమే."

"ఒట్టి తవుడుకి కొవ్వు పట్టుద్ది గానీ గుడ్డు పట్టదే. ఆ మూల తట్టలో వేరుశెనగ చెక్క, ఎండుచేపల పొడి కలిపి ముద్దలు పెడతన్నాడు చూడు, అవి తిను."

చెప్పడానికేం, తాత చెప్తాడు. తట్ట దగ్గర బొచ్చె చేప ఉంది. ఈ మధ్యే వేరే చెరువు నుంచి వచ్చింది, తలకాయే బిందెంత.

"వదినా, చెరి సగం తిందాం."

"నీ మూతికి ముద్దలు కావాల్సొచ్చాయా? పోయి తవుడు పీల్చుకో పో." తోకతో ఒక్కటిచ్చింది.

శీలావతి పోయింది. పోయి సంచికి మూతి పెట్టి చెరువంతా వినపడేలా జుర్రింది. పాత కొవ్వు పొట్టని ఎండకి మెరిసేలా అటూ ఇటూ తిప్పింది.

బొచ్చె ఆగలేకపోయింది. "ఏంటే, ఆ పొట్టేంటి?"

"తవుడు వదినా. నువ్విటు రామాకు. ముద్దలు నీకు, సంచులు నాకు."

"నీకేంటే, నీకు? ఈ చెరువులో ఏదైనా ముందు నాకే. లే అవతలకి."

శీలావతి లేచింది. నీళ్ళలో ఏడుపు ఎవరికి కనపడుద్ది, అయినా మొహం మాత్రం బాగా పెట్టింది. అలా ఏడుపు మొహంతోనే తట్ట దగ్గరకెళ్ళి నాలుగు నెలలు ముద్దలు తింది. బొచ్చె సంచి సంచికీ తిరిగి, ఇంకో చేపని దగ్గరకి రానివ్వకుండా తవుడు లాగించింది.

తొలకరి పడింది. వీర్రాజు వల లాగాడు. బొచ్చె అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది, పొట్ట చూపించుకోవాలిగా. వీర్రాజు నొక్కి చూశాడు.

"కొవ్వురా ఇదంతా. పక్కన పెట్టండి."

శీలావతి పొట్ట మెత్తగా, నిండుగా తగిలింది. "ఇది పండింది. గుడ్ల తొట్టిలో వెయ్యండి."

వలలో పక్కపక్కనే ఉన్నారు ఇద్దరూ. బొచ్చె శీలావతి వైపు తిరిగింది. "ఒసేయ్, తవుడుకి గుడ్లొస్తాయన్నావు గదే."

"నేనెప్పుడన్నాను వదినా? పొట్టేంటంటే తవుడన్నాను. అది తిని పోయినేడు గుడ్లు పెట్టావా అని అడిగుంటే, లేదనే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు, లాక్కున్నావు."

బొచ్చెని ఐసు పెట్టెలోకి ఎత్తారు. శీలావతి తొట్టిలోకి జారింది.

పక్కోడి నోటి దగ్గరది లాక్కునే ముందు, అది తిని వాడు ఏం బాగుపడ్డాడో కనుక్కోండి.