దీర్ఘకంఠి గుడ్లు

మనిషి ఇంకా పుట్టని కాలం అది. ఏ కొండకీ, ఏ నదికీ పేరు లేదు. కాబట్టి మన కథ జరిగిన చోటుకి మనమే పొగకొండ అడవి అని పేరు పెట్టుకుందాం. అక్కడ రాక్షసబల్లులు, మొసళ్ళు, తాబేళ్ళు ఉండేవి. నేల కింద బొరియల్లో చుంచెలుకంత చిన్న జీవులు కూడా ఉండేవి. వాటిని ఎవరూ లెక్కచేసేవారు కాదు.

రాక్షసబల్లుల్లో అందరికంటే పెద్దది దీర్ఘకంఠి. నడిస్తే నేల అదిరేది. అంత ఒళ్ళున్నది గుడ్లమీద కూర్చుంటే ఇంకేమన్నా ఉందా! అందుకే వాళ్ళ వంశంలో గుడ్లు పొదిగే ఆచారమే లేదు. ఎత్తయిన ఇసుకమేట మీద గుడ్లు పెట్టి, ఎండకి వదిలేసేవారు. "సూర్యుడే మా పిల్లలకి దాది" అని దీర్ఘకంఠి మహా గొప్పగా చెప్పుకునేది.

ఒక ఏడు కొండ కక్కే పొగ ఎక్కువైంది. ఎండ రోజురోజుకీ పలచబడింది. బొరియలో ఉండే చిట్టిమూతి అనే చుంచమ్మకి భయం పట్టుకుంది. దీర్ఘకంఠి గుడ్లు పెట్టే వేళ అయిందని తెలిసి, పాపం, ఉండబట్టలేక వెళ్ళింది.

"అమ్మా, ఈసారి మేట మీద వద్దు. వేడినీళ్ళ ఊట పక్కన నేల వెచ్చగా ఉంది. అక్కడ గొయ్యి తీసి గుడ్లు పెట్టి, మట్టి కప్పండి" అంది.

దీర్ఘకంఠి కిందికి చూసి నవ్వింది. బురదలో దాచుకోవడానికి తామేం మొసళ్ళమా అంది. అమ్మమ్మల నాటి చోటు వదిలితే పరువేం కావాలంది.

పక్కనే ఉన్న ముసలి తాబేలుకి ఒళ్ళు మండింది. ఏటిగట్టు కోసుకుపోయిన చోటికి దీర్ఘకంఠిని తీసుకెళ్ళి, రాతిపొరలు చూపించింది. అడుగు పొరలో పెంకుజీవులున్నాయి. ఒక యుగంలో సముద్రమంతా వాటిదే. దాని పైపొరలో చేపలు. ఆ పైన, నీళ్ళు వదిలి గట్టెక్కిన కప్పల పూర్వీకులు. వాళ్ళందరూ లోకం తమదే అనుకున్నవాళ్ళేనని చెప్పింది.

"యుగం మారేటప్పుడు చాటింపు వెయ్యదు, తల్లీ" అంది తాబేలు.

"నా అంత మెడ వాళ్ళలో ఎవరికైనా ఉందా?" అని దీర్ఘకంఠి వెళ్ళిపోయింది. మేట మీదే గుడ్లు పెట్టింది.

కొన్నాళ్ళకి కొండ బద్దలైంది. ఆకాశమంతా బూడిద కమ్మింది. సూర్యుడు మళ్ళీ కనబడలేదు. చెట్లు వాడిపోయాయి. తోటి రాక్షసబల్లుల మంద మేత వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. దీర్ఘకంఠి మాత్రం గుడ్లని వదల్లేకపోయింది.

గుడ్లు చల్లబడుతున్నాయి. కన్నకడుపు ఊరుకుంటుందా? తన ఒంటివేడి ఇద్దామని మెల్లగా వాటి పక్కన ఒరిగింది. ఆ బరువుకి ఇసుక జారి, గుడ్లు ఒకదానికొకటి కొట్టుకుని పగిలిపోయాయి. చివరికి ఒక్కటి మిగిలింది. ఊట దగ్గరికి చేర్చడం మాట అటుంచి, దాన్ని తాకడానికి కూడా దీర్ఘకంఠికి ధైర్యం చాలలేదు. ఇన్నాళ్ళూ చూసుకుని మురిసిపోయిన ఒళ్ళే ఇప్పుడు శత్రువైంది.

ఆ ఏడుపు విని చిట్టిమూతి బొరియలోంచి వచ్చింది. పాత మాటలేవీ ఎత్తలేదు. దీర్ఘకంఠి తల నేలకి ఆనించి బతిమాలింది. "చిట్టిమూతీ, నువ్వు తేలిక. నా బిడ్డని కాస్త పొదుగుతావా?"

చిట్టిమూతి తన పిల్లల్ని కూడా పిలుచుకొచ్చి ఆ గుడ్డుని కరుచుకుని పడుకుంది. ఆ చిన్న ప్రాణాలు అంత గుడ్డుని ఎంతని కప్పగలవు? లోపలి కదలిక తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. చిట్టిమూతికి అది తెలిసింది. అయినా దిగలేదు.

తిండి లేక దీర్ఘకంఠికి కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఇంకా వెచ్చగానే ఉందా?" అని అడిగింది.

తన పొట్ట ఆనిన చోట, అరచేయంత మేర, పెంకు వెచ్చగానే ఉంది.

"వెచ్చగానే ఉందమ్మా" అంది చిట్టిమూతి.

దీర్ఘకంఠి నిమ్మళంగా కళ్ళు మూసుకుంది. చిట్టిమూతి ఏడుస్తూ పిల్లల్ని వెంటబెట్టుకుని ఊట దగ్గరి వెచ్చని నేలలోకి వెళ్ళిపోయింది. వాళ్ళు బతికారు.

నీతి: కాలం ఇచ్చిన గొప్పని చూసుకుని మిడిసిపడితే, కాలం మారిన నాడు ఆ గొప్పే శాపమవుతుంది. మంచిమాట చెప్పేవారు ఎంత చిన్నవారైనా, వేళ మించకముందే వినాలి.